ముందు నీడని అడుగు

మా స్టూడియో బావ పోయాడన్న కబురు నా ఫోన్లోకి ఒక ఫొటోగా వచ్చింది. మెడలో తెల్లచామంతుల దండ, అటొకటీ ఇటొకటీ దీపాలు, కింద 'అశ్రునివాళి' అన్న అక్షరాలు. అలాంటిది చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. నాకు మాత్రం ముందు అనుమానం వచ్చింది. ఎందుకంటే ఆ దండ కత్తిరించింది నేనే. దండ ఒక్కటే కాదు, ఆ ఫొటో మొత్తం నా చేతిపనే. కొన్నేళ్ళ కిందట, ఆయన బతికుండగా, ఆయన పక్కనే కూర్చుని, పని నేర్చుకోడానికి ఆయన మెడలోనే వేసిన దండ అది. దాని నీడ అప్పుడు తప్పువైపు పడింది. ఫోన్లో కూడా తప్పువైపే ఉంది.

ఎవడో పాత కంప్యూటర్ తెరిచి వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. నాలుగు తిడదామని ఆ నంబరుకి ఫోన్ చేశాను. బావ నంబరే అది. ఎత్తింది అక్క, అంటే బావ ఇంటావిడ.

"ఫొటో సూసినావా తమ్ముడూ," అంది.

"సూసేను. ఎవులు పంపినారక్కా అది?"

"నానే పంపమన్నాను. కంప్యూటర్లో ఎతికితే తయారుగా ఉన్నది అదొక్కటే. పొద్దున్న టీ తాగి కుర్సీలో కూకున్నాడు. మరి లెగనేదు."

ఆవిడ గొంతు విన్నాక కూడా, నిజం చెప్తున్నాను, నా బుర్రలో ఒక మూల అనుమానం అలాగే కూర్చుంది. శ్రీకాకుళం నుంచి ఆటోలో ఆమదాలవలస వెళ్తున్నంతసేపూ, ఆ గుమ్మంలో ఆయనే నిలబడి "ఏటి బావా, భయపడినావా?" అంటాడని చూస్తూనే ఉన్నాను. స్టేషన్ రోడ్డు మలుపులో అదే ఫొటోతో అప్పటికే ఫ్లెక్సీ కట్టేశారు. నిలువెత్తు బావ, నిలువెత్తు దండ, నిలువెత్తున నా తప్పు. అప్పుడు నమ్మాను.

వరసకి ఆయన నాకేమీ కాడు. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మంచినీళ్ళు ఇచ్చినావిడని నోటి అలవాటుగా అక్కా అన్నాను. ఆవిడ అక్క అయితే ఆయన బావ కాక మరేమవుతాడు. ఆయన కూడా నన్ను బావా అనే పిలిచాడు. మావైపు చుట్టరికాలు ఇలాగే పుడతాయి, ఒక గ్లాసు మంచినీళ్ళ దగ్గర.

అస్థికలు నాగావళిలో కలిపి వచ్చిన మర్నాడు అక్క నన్ను స్టూడియో గదిలోకి పిలిచింది. ఇల్లు వెనక, స్టూడియో ముందు. మధ్యలో ఒక కర్టెన్.

"నాకొక ఫొటో సేసి పెట్టాల తమ్ముడూ. ఆయనా నానూ పక్కపక్కన ఉన్నది."

"ఇద్దరూ కలిసి దిగినది ఒక్కటైనా నేదా?"

"మీ బావ ఎప్పుడూ కెమేరా ఎనకే ఉండీవోడు. ఎనకున్నోడు ఫొటోలో ఎలగొస్తాడు? మా పెల్లికి తీసినోడు ఆయన సావాసగాడే, రీలు పాడుసేసీసినాడు."

"ఫోన్లొచ్చినాకైనా..."

"ఎవులైనా ఫోనెత్తితే పట్టుకోనిచ్చీవోడేటి? 'ఇలగియ్యి, నాను తీత్తాను' అని లాగీసుకునీవోడు." ఆవిడ కాసేపు చేతి గాజులు సర్దుకుంది. "పెద్దకర్మ నాడు ఇవి తీసెత్తారు. ఆలోగా కావాల. ఆ ఫొటోలో నాను ఎప్పుట్లాగ ఉండాల, ఆయన పక్కన. గోడకెట్టుకుంటాను. దండా గిండా ఏటీ ఒద్దు."

"అలాగే అక్కా."

"అతికించినట్టు తెలిసిందంటే మాత్రం నాకొద్దు. నా కళ్ళు నీకు తెలుసు కదా."

తెలుసు. ఆ కళ్ళ సంగతి తెలియాలంటే ముందు ఆ స్టూడియో సంగతి చెప్పాలి.

నేను బోర్డులు రాసేవాణ్ణి. కిరాణా కొట్లు, వడ్ల మిల్లులు, రైలుగేటు పక్క హోటళ్ళు, ఎరువుల దుకాణాలు. 'శ్రీ' అన్న అక్షరం నా చేతిలో ఎంత బాగా తిరిగేదంటే, కొందరు కొట్టు పేరు కాకుండా ఉత్త 'శ్రీ' రాయించుకునేవాళ్ళు. ఫ్లెక్సీలు వచ్చాయి. నా కుంచెలు ఎండిపోయాయి. ఏం చెయ్యాలో తెలియక ఒకరోజు బావ స్టూడియో మెట్టుమీద కూర్చుంటే ఆయనే పిలిచాడు.

"గోడమీద గీసినోడికి తెరమీద గియ్యడం ఎంతసేపు? రా, కూకో బావా."

కూర్చున్నాను గానీ మౌస్ ముట్టుకోనివ్వలేదు. రోజుల తరబడి ఊరికే ఫొటోలు చూపించేవాడు. వచ్చినవాళ్ళవి, పోయినవాళ్ళవి, పేపర్లో పడ్డవి. ప్రతిదానికీ ఒకటే ప్రశ్న. "ఎలుతురు ఎటునుంచి వత్తన్నాది?" నేను ముఖం చూసి ఏదో చెప్పేవాణ్ణి. "ముఖం సూసి సెప్పకు. ముందు నీడని అడుగు. మనిసి అబద్దమాడతాడు, సొక్కా అబద్దమాడతాది, నవ్వు మరీ ఆడతాది. నీడకి ఇంకా రాదు ఆ విద్దె."

ఒకసారి శృంగవరపుకోట వైపునుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కూతురికి సంబంధం చూస్తున్నాడు. అవతలివాళ్ళు ఇచ్చిన పెళ్ళికొడుకు ఫొటో పెద్దది చేయించుకోడానికి తెచ్చాడు. కుర్రాడు తెల్లకారుకి ఆనుకుని నిలబడ్డాడు, కళ్ళజోడూ అదీ. బావ ఫొటోని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చూసి, తిరిగి ఆయన చేతిలో పెట్టాడు.

"పెద్దది సేసెత్తాను బాబూ. గానీ ఒకటి సెప్పాల. ఈ కారూ ఈ కుర్రోడూ ఒకల్నొకలు ఎప్పుడూ సూసుకోనేదు."

"ఏటంటున్నావు నువ్వు?"

"కారు మీద పొద్దున్న ఎండున్నాది. కుర్రోడి మీద మజ్జాన్నం ఎండున్నాది. కుర్రోడు మంచోడే అయుంటాడు. కారు సంగతే నాకు తెల్దు."

పెద్దాయన ఫొటో జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పెళ్ళి అయిందో లేదో మాకు తెలియదు. ఆ రోజునుంచీ మాత్రం నాకు ఒక రోగం పట్టుకుంది. ఏ ఫొటో చూసినా నీడ వెతకడం. ఫ్లెక్సీల్లో నాయకుల చెవులు లెక్కపెట్టడం. మా మనవరాలు పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి ఫొటో పంపితే, పిల్ల ఎవరి పోలిక అని అందరూ చూస్తుంటే, నేను దుప్పటి నీడ ఎటుందో చూస్తున్నాను. మా ఇంట్లోవాళ్ళు ఆ మాట ఇప్పటికీ మర్చిపోనివ్వరు.

తర్వాత మెల్లిగా పని నేర్పాడు. లేయర్లంటే ఏమిటో నా బుర్రకి ఎక్కలేదు. ఆయన పాత నెగెటివ్‌లు రెండు తీసి, ఒకదానిమీద ఒకటి పెట్టి, కిటికీకేసి పట్టుకున్నాడు. ఒకదాంట్లో ఎవరో ముసలాయన, ఇంకోదాంట్లో ఆవు. ఆవు పొట్టలోంచి ముసలాయన నాకేసి చూశాడు. "ఇదే లేయరంటే. ఆవుని జరిపినా ముసలోడికి తెల్దు, ముసలోణ్ణి జరిపినా ఆవుకి తెల్దు. ఆళ్ళిద్దరూ ఒకేసోట ఉన్నట్టు మనకే తెలస్తాది." ఇంకెవరూ నాకు అంత తేలిగ్గా చెప్పలేదు. కత్తిరించడం నేర్పినప్పుడు, నేను బోర్డుల అలవాటుకొద్దీ అంచులు గీత గీసినట్టు కోస్తే తల అడ్డంగా ఊపేవాడు. "మనిసి అంచు అంత గట్టిగా ఉండదు బావా. కూసింత తడబాటుండాల. నేకపోతే అట్టబొమ్మ."

మా పని ఎక్కువగా పోయినవాళ్ళతోనే. మా చుట్టుపక్కల ఊళ్ళలో పాతకాలం మొగుడూపెళ్ళాలు ఇద్దరూ కలిసి ఫొటో దిగినవాళ్ళు తక్కువ. ఇద్దరూ పోయాక పిల్లలు తండ్రి రేషన్ కార్డు ఫొటో ఒకటి, తల్లి ఎవరి పెళ్ళిలోనో వెనకవరసలో నిలబడినది ఒకటి పట్టుకుని వచ్చేవాళ్ళు. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టమనేవాళ్ళు. ముఖాలు వాళ్ళవి. ఒళ్ళు మావి. ఆడవాళ్ళకి ఒక పట్టుచీర ఒళ్ళు, మగవాళ్ళకి ఒక నల్లకోటు ఒళ్ళు కంప్యూటర్లో సిద్ధంగా ఉండేవి. బతికుండగా చొక్కా గుండీలు కూడా పెట్టుకోని రైతులంతా మా స్టూడియోలో కోటు తొడుక్కుని స్వర్గానికి వెళ్ళారు.

ఆ కోటు దగ్గరే అక్క పట్టేసింది. ఒక పేరంటానికి వెళ్ళొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కర్టెన్ తీసుకుని వచ్చింది.

"ఏమయ్యా, ఆలింట్లో గోడకి ఈయ్యంకులిద్దరి ఫొటోలూ పక్కపక్కన ఏలాడతన్నాయి. ఇద్దరిదీ ఒకటే కోటు. జేబులో ఒకటే పెన్ను. పెన్ను మూతి కూడా ఒకేపక్క ఇరిగిపోనాది. సదువురానోలు ఇద్దరూ ఒకే పెన్నెలగ పంచుకున్నారో సెప్పు."

బావ కుర్చీలో ముడుచుకుపోయాడు. "ఎవులైనా సూసినారేటి?"

"నాను సూసినాను. సాలదా?"

ఆ సాయంత్రం ఆయన ఆ కోటుకి నకలు తీసి, ఒకదాంట్లోంచి పెన్ను తీసేశాడు. ఇంకో కోటుకి ఊదారంగు వేశాడు. అప్పటినుంచి ఏ ఫొటో ఫ్రేము కట్టాలన్నా ముందు అక్కకి చూపించేవాడు. ఆవిడ పప్పు గరిటె చేత్తో పట్టుకుని వచ్చి ఒక్కసారి చూసి, "మెడ ఆవిడిది కాదు," అనో "ఈయనికి పొద్దున్న, ఆవిడికి సాయంత్రం," అనో చెప్పి పోయేది. మేము మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం.

బావకి ఒక పట్టింపు ఉండేది. మనుషుల్ని కలపమంటే కలుపుతాడు, తియ్యమంటే తియ్యడు. ఒకాయన తండ్రితో అన్నదమ్ములిద్దరూ దిగిన ఫొటో తెచ్చాడు. తమ్ముణ్ణి తీసెయ్యమన్నాడు. పొలం గట్టు తగువట.

"కలపడమే గాని తియ్యడం నాకు రాదు బాబూ," అన్నాడు బావ.

"ఏటి రాకపోవడం? అందరూ సేత్తన్నారు కదా."

"తీసినాననుకో. మీ తమ్ముడి సెయ్యి మీ నాన్న బుజం మీదున్నాది. సెయ్యి కూడా తీసీమంటావా? తీసీస్తే బుజం కిందకి జారతాది. ఆయన అలగ నిలబడింది ఆ సెయ్యుండబట్టే."

ఆయన ఇంకో స్టూడియోకి వెళ్ళి ఉంటాడు. బావ మాత్రం ఆ రోజు ఇంక మౌస్ ముట్టుకోలేదు.

దండ వేసిన రోజు సంగతి ఇక చెప్పేస్తాను. నేను దండ కత్తిరించడం నేర్చుకున్నాను. ఒక్కో రేకూ విడదీయడానికి గంటలు పట్టింది. వేసి చూద్దామంటే ఎవరి మెడ దొరకాలి? పోయినవాళ్ళ మీద చెయ్యి తిప్పుకోడం బావకి గిట్టదు, బతికున్నవాడి ఫొటోకి దండ వేస్తే ఊరుకుంటారా? బావ బ్యాంకు పనికోసం తప్పక దిగిన పాస్‌పోర్టు ఫొటో తెరిచి, "నాకేసీ," అన్నాడు.

"తప్పు కదా బావా."

"నీ దండకి సచ్చిపోతానేటి? ఏసీ."

వేశాను. దీపాలూ అక్షరాలూ కూడా పెట్టాను. కర్టెన్ పక్కనుంచి అక్క చూసింది. నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. బావ నవ్వుతూ తెరకేసి వంగి, "దండ బావుంది. నీడ తప్పు. ఎలుతురు ఇటునుంచి వత్తంటే నీడ కూడా ఇటే పడిందేటి? దిద్దీ," అన్నాడు. ఈలోగా ఎవరో పిలిచారు, లేచాను, మర్చిపోయాను. ఆయన కూడా దాన్ని దిద్దలేదు, తుడిచేయనూలేదు. దాచిపెట్టాడు. ఎందుకో అడగడానికి ఇప్పుడాయన లేడు. నాకు తోచిన కారణాల్లో ఏ ఒక్కదాన్నీ నేను పూర్తిగా నమ్మను.

సరే, అక్క అడిగిన ఫొటో.

మొదట ఆ పాస్‌పోర్టు ముఖమే తీసుకున్నాను. చెక్కబల్ల మీద కూర్చున్న ఒక ఒంటికి అతికించి, అక్కని పక్కన కూర్చోబెట్టాను. వెలుతురు సరిచూశాను. ఆవిడ కుర్చీ లాక్కుని తెరముందు కూర్చుంది.

"ఈ సెయ్యి ఎవులిది?"

"ఎవులిదో అక్కా. కంప్యూటర్లో ఉన్నాది."

"ఎవుడి సెయ్యో నా పక్కనెట్టి నన్ను కూకోమంటావేటి?"

రెండోసారి చేతులు కనబడకుండా నడుందాకా కోశాను. ఆవిడ చూడగానే అంది, "మీ బావ నాకు కుడిపక్క ఉండడు. నాకు కుడిసెవి ఇనబడదు కదా. పెల్లయిన కాన్నుంచీ ఎడంపక్కే నడిసీవోడు." ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో తిరిగినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియదు. ఆయన ఎప్పుడూ ఆవిడ ఎడంపక్కకి చేరడం చూశాను. అది ఊరికే అలవాటనుకున్నాను.

మూడోసారి ఎడమకి మార్చాను. అంచులు తడబడనిచ్చాను. ఇద్దరిమీదా ఒకే ఎండ పోశాను. నా బతుకులో అంత మంచి పని చెయ్యలేదు. అక్క చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూసింది.

"అంతా బావుంది," అంది. "అందుకే అనుమానంగా ఉన్నాది. ఇందులో మీ బావ నవ్వతన్నాడు. బేంకు ఫొటోలో ఆయన నవ్వనేదు. ఆ నవ్వు నువ్వెట్టినావు."

నేనే పెట్టాను. పెదవి చివర కొంచెం పైకి లాగాను, అంతే.

"సచ్చిపోయినోడి సేత నవ్వించకు తమ్ముడూ," అంది. కోపంగా కాదు. లేచి లోపలికి వెళ్ళిపోయింది. కర్టెన్ అవతల గాజుల చప్పుడు. పెద్దకర్మ దగ్గరపడింది. వంటవాళ్ళతో మాట్లాడడానికి ఎవరో వచ్చారు. నేను ఒక్కణ్ణీ ఆ గదిలో కూర్చుండిపోయాను, చేతగానివాడిలాగా.

ఎదురుగా గోడమీద అక్క ఫొటో ఉంది. పెళ్ళయిన కొత్తల్లో కళింగపట్నం బీచిలో బావ తీసినది. వెనక సముద్రం, గాలికి ఎగురుతున్న పమిట, ముందు పరుచుకున్న శుభ్రమైన ఇసుక. ఆ ఫొటో కిందే నేను పని నేర్చుకున్నాను. దాన్ని ఎప్పుడూ అనుమానించలేదు. గురువు గోడని ఎవడు అనుమానిస్తాడు?

ఆ రోజు వేరే పనిలేక దాని నీడనీ అడిగాను. అక్క నీడ ఆవిడ వెనక్కి, సముద్రంవైపు, పొడుగ్గా పడింది. అంటే సాయంత్రం ఎండ. పొద్దు ఎదటినుంచి, ఫొటో తీస్తున్నవాడి వీపు వెనకనుంచి వస్తోంది. పొద్దు అంత కిందకి దిగితే, తీసేవాడి నీడ కూడా ఆవిడవైపే సాగాలి. ఆవిడ కాళ్ళముందు ఇసుకలో ఉండాలి.

లేదు.

కుర్చీ ఎక్కి దగ్గరగా చూశాను. ఆ శుభ్రమైన ఇసుకలో ఒక విరిగిన గవ్వ ఉంది. దాని పక్కన పీత కన్నం. జానెడు దూరంలో అదే గవ్వ, అదే విరుపు, పక్కన అదే కన్నం. ఇంకొంచెం కింద మళ్ళీ అదే గవ్వ. పక్కనున్న ఇసుకని ముక్కలుగా తెచ్చి ఏదో కప్పారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు అలాగే చేస్తారు. ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ అతికిస్తారు.

"అక్కా," అని కేకేశాను. "ఈ ఫొటోలోంచి ఎవుల్నో తీసీసినారు."

ఆవిడ వచ్చి నేను చూపించినచోటు చూసింది. లోపలికి వెళ్ళి కుట్టుమిషన్ సొరుగు లాగిన చప్పుడైంది. జాకెట్టు గుడ్డలో చుట్టిన చిన్న ఫొటో తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీ బావే తీసీసినాడు. కంప్యూటరు కొన్నాక మొట్టమొదట సేసిన పని అదే. నీడ పడిన ఫొటో గోడకెట్టుకుంటే ఈడేటి ఫొటోలు తీత్తాడని నవ్వుతారట. ఉండనీమన్నాను. ఇననేదు. ఇది పాడైపోయిన ఫొటో, పారీ అన్నాడు. నాకు ఆ సీర రంగు ఇష్టం. దాసుకున్నాను."

చిన్న ఫొటో. అంచులు పసుపెక్కాయి. ఫొటో కింది అంచునుంచి ఇసుకమీదుగా ఒక మనిషి నీడ సాగి వచ్చి అక్క కాళ్ళ దగ్గర ఆగింది. రెండు మోచేతులూ రెక్కల్లా బయటికి, మధ్యలో వంచిన తల. ఎవరినీ తీయనన్న మనిషి, తీసింది తననొక్కణ్ణే. మళ్ళీ ఎవరినీ ఎందుకు తీయలేదో నాకు అప్పుడు కొంచెం అర్థమైందనిపించింది.

"ఇద్దరూ ఉన్న ఫొటో అడిగినావు కదా అక్కా," అన్నాను.

"ఇదేటి ఇద్దరి ఫొటో అవుతాది? ఆయనే పాడైనదన్నాడు." అంటూనే అందుకుంది. గుమ్మం దగ్గర వెలుగులోకి తీసుకెళ్ళింది. ఆ కళ్ళతో, వియ్యంకుల పెన్ను పట్టిన కళ్ళతో, మొదలుపెట్టింది. నీడ ఎటుందో చూసింది. తన నీడ ఎటుందో చూసింది. రెండూ ఒకేవైపు వెళ్తున్నాయి. నీడ సూటిగా రాలేదు, కొంచెం ఒక పక్కకి జరిగి వచ్చింది. ఆవిడ ఎడమచెయ్యి ముందుకి చాపి చూసుకుంది. ఎడంపక్కే.

"మోసేతులు సూడు," అంది. "అలగే పట్టుకునీవోడు."

"ఏటైనా అనుమానముందా అక్కా?"

ఆవిడ ఇంకా చూస్తోంది. "ఆయన తల నా కాళ్ళకాడున్నాది. నలుగురూ సూత్తే ఏటనుకుంటారో." బావ పోయాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. తర్వాత నవ్వు ఆపి, "ఇదే పెద్దది సెయ్యి. ఏటీ కలపకు. ఏటీ తీయకు," అంది.

దండ ఫొటో నీడ కూడా దిద్దమంటావా అని అడిగాను. "దాంట్లో తప్పున్నాదని నాకూ తెలుసు. ఆయన ఉంచీసినాడు, ఉండనీ," అంది.

పాత స్కానరు గీతలు పెడుతోంది. అందుకని పెద్దకర్మకి ముందురోజు సాయంత్రం, వాకిట్లో ఎండ ఉన్నప్పుడు, ముక్కాలిపీట మీద ఆ ఫొటో పరిచి బావ కెమేరాతోనే తీశాను. గాలికి లేవకుండా అక్క రెండు మూలలూ వేళ్ళతో అదిమి పట్టుకుంది. చేతినిండా గాజులు. నేను వంగి, మోచేతులు చాపి, కెమేరా కంటికి ఆనించుకున్నాను.

"తమ్ముడూ, కూసింత పక్కకి జరుగు," అంది. "నీ నీడ మీ బావ మీద పడతన్నాది."

జరిగాను. ఎండ ఇద్దరిమీదా పడింది.